దొరకని ఐసీలకు 20 వేలు పెట్టాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదివాను, ఇప్పుడు చేసేది వేరే ఉద్యోగం. ఇంట్లోనే సొంతంగా ఒక అనలాగ్ సింథసైజర్ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో శబ్దం పుట్టించే వాద్యం) తయారు చేసుకోవాలని ఉంది. 1980ల నాటి సర్క్యూట్ ఒకటి సంపాదించాను. పీసీబీ (విడిభాగాలు కూర్చోబెట్టే బోర్డు) ఇంకా చేయించలేదు. ఆ సర్క్యూట్‌లో అడిగినవి ఇవి: సీఈఎం3340 రెండు, ఎస్ఎస్ఎం2044 ఒకటి, సీఏ3080 నాలుగు, 2ఎస్‌కే30ఏ ఒకటి, 1కే టెంప్‌కో రెసిస్టర్ (వేడికి తగ్గట్టు విలువ మారే రకం), పాలీస్టైరీన్ కెపాసిటర్లు, వీటీఎల్5సీ3 వాక్ట్రాల్ రెండు. హైదరాబాద్ వెళ్లి కోఠీలో గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. చాలామంది ఈ నంబర్లు విననే లేదన్నారు. ఒక విదేశీ సైట్లో అన్నీ 'వాడని పాత స్టాకు' అని కనిపిస్తున్నాయి కానీ, షిప్పింగ్‌తో కలిపి 20 వేలు దాటుతోంది. పైగా అవి ఒరిజినల్ అవునో కాదో అని టెన్షన్. కొనమంటారా? మన దగ్గర ఇంకెక్కడైనా దొరుకుతాయా?

జవాబు: ఆ ఆర్డరు పెట్టకండి.

పీసీబీ ఇంకా చేయించలేదని రాశారు చూడండి, మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట అదే. చాలామంది ముందు బోర్డు కొనేసి తర్వాత ఐసీల కోసం ఊళ్లు తిరుగుతారు. బోర్డు తయారయ్యాక ఏ పిన్ ఎక్కడ కూర్చోవాలో ఖాయమైపోతుంది. ఇక ఆ నంబరు తప్ప ఇంకోటి పనికిరాదు, అమ్మేవాడు చెప్పిందే రేటు. మీకు ఆ చిక్కు లేదు. దొరికే వాటికి తగ్గట్టు సర్క్యూట్‌నే మార్చుకోవచ్చు. అందుకని నంబరు పట్టుకుని వెతకడం ఆపి, ఆ నంబరు మీ సర్క్యూట్‌లో ఏం పని చేస్తోందో చూడండి. అలా చూస్తే మీ ఏడు రకాల్లో విదేశం నుంచి తప్పనిసరిగా రావాల్సింది ఒకటి, మహా అయితే రెండు.

అసలు ఈ సీఈఎం, ఎస్ఎస్ఎం నంబర్లు కోఠీలో ఎందుకు తెలియవంటే, ఇవి రేడియోలో, టీవీలో, స్టెబిలైజర్లో ఎప్పుడూ వాడినవి కావు. సింథసైజర్ కంపెనీల కోసమే పుట్టిన చిప్‌లు. అమెరికాలో డగ్ కర్టిస్ అనే ఇంజనీరు పెట్టిన కర్టిస్ ఎలక్ట్రోమ్యూజిక్ స్పెషాల్టీస్ వాళ్లవి సీఈఎం చిప్‌లు. ఎస్ఎస్ఎం వరసలోని ముఖ్యమైన చిప్‌ల వెనక ఈ-ము సిస్టమ్స్ అనే సింథసైజర్ కంపెనీకి చెందిన డేవ్ రాసమ్ డిజైన్ ఉంది. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వాళ్లు 1978లో తెచ్చిన ప్రాఫెట్-5 అనే సింథసైజర్ మొదట్లో ఎస్ఎస్ఎం చిప్‌లతోనే నడిచింది. 1980లో వచ్చిన మూడో రూపానికి వాటిని తీసేసి సీఈఎం చిప్‌లు పెట్టారు. 2020లో అదే వాద్యాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు కర్టిస్ ఫిల్టరు, రాసమ్ ఫిల్టరు (శబ్దంలో కొన్ని ఫ్రీక్వెన్సీలను తగ్గించే భాగం) రెండూ లోపల పెట్టి, ఏది కావాలో ఎంచుకోవడానికి స్విచ్ ఇచ్చారు. తయారు చేసిన కంపెనీకే లేని పట్టింపు మనకెందుకు? 'ఎస్ఎస్ఎం2044 లేకపోతే ఆ సౌండ్ రాదు' అని మీకెవరైనా చెబితే వినండి కానీ డబ్బు మాత్రం తీయకండి.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం. సీఈఎం3340తో మొదలుపెడతాను, ఎందుకంటే డబ్బు పెట్టాల్సింది దీని మీదే.

3340 అంటే ఆసిలేటర్, అంటే శ్రుతి పుట్టే చోటు. ప్రాఫెట్-5 మూడో రూపంలో, ఓబర్‌హైమ్ ఓబీ-ఎక్స్ఏలో, రోలాండ్ ఎస్‌హెచ్-101లో ఉన్నది ఇదే. ఇది చాలా ఏళ్ల కిందట ఆగిపోయి, పాత స్టాకు రేట్లు ఆకాశానికి వెళ్లిన మాట నిజం. ఇప్పుడు పరిస్థితి అది కాదు. కర్టిస్ 2007లో చనిపోయారు. 2016లో ఆ చిప్‌నే 'రెవ్ జీ' పేరుతో మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టారు. లాత్వియాలోని రిగాలో ఆల్ఫా అనే కంపెనీ ఏఎస్3340 పేరుతో చేస్తోంది. బెరింగర్ గ్రూపుకు చెందిన కూల్ ఆడియో వాళ్లది వీ3340. మూడూ కొత్త చిప్‌లే, పిన్లు ఒకే వరసలో ఉంటాయి, పాత దాని చోట నేరుగా కూర్చుంటాయి. మీ సర్క్యూట్‌కు ఏఎస్3340 తీసుకోండి. పాత స్టాకు రేటులో చిన్న భాగానికే వస్తుంది. రెండు కావాలి కాబట్టి మూడు కొనండి.

ఒక్క జాగ్రత్త. మీ సర్క్యూట్ 1980ల నాటిది కాబట్టి బహుశా ప్లస్ మైనస్ 15 వోల్టులకు రాసి ఉంటుంది. ఇప్పటి యూరోర్యాక్ (చిన్న మాడ్యూళ్లుగా కట్టే సింథ్‌ల ప్రమాణం) పద్ధతిలో ప్లస్ మైనస్ 12 ఇస్తారు. 3340 మైనస్ సప్లై పిన్‌కు ముందు ఒక రెసిస్టర్ ఉంటుంది. వోల్టేజీ మారితే దాని విలువ మార్చాలి. డేటాషీట్‌లో ఆ లెక్క ఉంది. ఆ రెసిస్టర్ పెట్టకుండా నేరుగా కలిపితే చిప్ పోతుంది, అప్పుడు ఆ మూడోది పనికొస్తుంది.

మీరు అడగకపోయినా 3340 మీదే డబ్బు ఎందుకు పెట్టమంటున్నానో చెప్పాలి. కీబోర్డు నుంచి వచ్చే వోల్టేజీ ఒక వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి, అంటే ఒక ఆక్టేవ్ పెరగాలి. ప్రతి ఆక్టేవ్‌కూ ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావాలి. ఈ రెట్టింపు పనిని ట్రాన్సిస్టర్ సహజ గుణంతోనే చేయిస్తారు: బేస్ దగ్గర వోల్టేజీ సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెండింతలవుతుంది. చిక్కేమిటంటే ఆ 18 అన్న సంఖ్య ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఒక్కో డిగ్రీకి మూడో వంతు శాతం. వినడానికి చిన్నదే. సంగీతం లెక్కలో చూడండి: శ్రుతి సరిచేసిన స్వరం నుంచి ఒక ఆక్టేవ్ దూరం వెళ్తే, డిగ్రీకి 4 సెంట్ల తప్పు. మూడు ఆక్టేవ్‌ల దూరంలో, గది 10 డిగ్రీలు వేడెక్కితే 120 సెంట్లు. అర్ధస్వరానికి 100 సెంట్లే. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే పైస్థాయి స్వరం పక్క మెట్టు దాటిపోతుందన్నమాట. హనుమకొండలో ఈ లెక్కను పక్కన పెట్టడం కుదరదు.

3340 లోపలే ఈ ఉష్ణోగ్రత సవరణ ఉంది. దాని విలువంతా అక్కడే. కాబట్టి మీ జాబితాలోని 1కే టెంప్‌కో ఆసిలేటర్ కోసం కాకపోవచ్చు. సర్క్యూట్‌లో మరోసారి చూడండి, ఫిల్టర్ కంట్రోల్ దగ్గర కనిపించవచ్చు. ఫిల్టర్‌ను దానంతటది మోగేలా పెట్టి కీబోర్డుతో శ్రుతిలో వాయించాలనుకుంటే తప్ప అక్కడ టెంప్‌కో అక్కర్లేదు. మామూలు మెటల్ ఫిల్మ్ 1కే పెట్టండి. జాబితాలోంచి ఒకటి పోయింది.

తర్వాత ఎప్పుడైనా 3340 లేకుండా ట్రాన్సిస్టర్లతోనే ఆసిలేటర్ కట్టాలనిపిస్తే మాత్రం టెంప్‌కో తప్పదు. అప్పుడు డిగ్రీకి 3300 పీపీఎం (అంటే 0.33 శాతం) రకం కావాలి. అది దొరక్కపోతే ఇండస్ట్రియల్ సెన్సర్లు అమ్మే షాపుల్లో పీటీ1000 అనే ప్లాటినం సెన్సర్ అడగండి. దాని మార్పు కావాల్సిన దానికంటే కాస్త ఎక్కువ. సిరీస్‌లో 56 ఓమ్‌ల మామూలు రెసిస్టర్ కలిపితే గది ఉష్ణోగ్రత దగ్గర సరిగ్గా 3300 పైచిలుకులోకి వస్తుంది. మొత్తం విలువ 1కే కంటే కొంచెం పెరుగుతుంది, దాన్ని ప్రీసెట్‌తో సర్దుకోవచ్చు. టెంప్‌కో ఏదైనా సరే ట్రాన్సిస్టర్ జతను ఆనుకుని ఉండాలి. బోర్డులో ఇంకో మూల పెడితే అది కొలిచేది వేరే వేడి.

ఎస్ఎస్ఎం2044 ఫిల్టర్ చిప్. కోర్గ్ పాలీసిక్స్‌లో ఉన్నది అదే. దీని వారసుడు ఎస్ఎస్ఐ2144, సౌండ్ సెమీకండక్టర్ వాళ్లది, డిజైన్ మళ్లీ రాసమ్‌దే. మంచి చిప్, కాకపోతే ఎస్ఎండీ, అంటే బోర్డు పైనే అతికించే బుల్లి రకం. పాత సాకెట్లో కూర్చోదు, చిన్న అడాప్టర్ బోర్డు కావాలి. ఎస్ఎండీ సోల్డరింగ్ చేయి తిరగనివాళ్లకు రెండో దారి ఏఎస్3320. అది కర్టిస్ ఫిల్టర్‌కు ఆల్ఫా వాళ్లు చేసిన నకలు, 18 పిన్ల మామూలు డిప్ ప్యాకేజీలో (కాళ్లు బోర్డు రంధ్రాల్లో దిగే రకం) వస్తుంది. సర్క్యూట్ మారుతుంది కానీ బోర్డు ఇంకా చేయించలేదు కదా.

నన్నడిగితే మాత్రం మీ మొదటి సింథ్‌కు ఫిల్టర్ చిప్పే వద్దంటాను. మూగ్ లాడర్ ఫిల్టర్ కట్టండి. రాబర్ట్ మూగ్ దీనికి 1966లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1969లో వచ్చింది. అప్పటికి సింథసైజర్ చిప్ అన్నదే లేదు. మామూలు ట్రాన్సిస్టర్లను జతలు జతలుగా నిచ్చెనలా పేర్చి, మధ్యలో కెపాసిటర్లు పెట్టారు, అంతే. ఆ 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ ఏర్పాటు చేసిన స్టూడియోలో ఉన్నది కూడా మూగ్ మాడ్యులర్ సింథసైజరే. ఆ ఫిల్టర్‌కు కావాల్సినవి ఇవాళ కోఠీలో రూపాయి, రెండు రూపాయలకు దొరికే బీసీ547లు. ఇవి మన దేశంలోనే సీడీఐఎల్ కూడా తయారు చేస్తుంది.

ఓపికగా చేయాల్సిన పని ఒకటే, ట్రాన్సిస్టర్లను జతపరచడం. ఒకే ప్యాకెట్లోంచి 50 కొనండి. బ్రెడ్‌బోర్డు మీద రెండు ట్రాన్సిస్టర్లు పెట్టి, రెండింటి బేస్, కలెక్టర్ కలిపి గ్రౌండ్‌కు ఇవ్వండి. ఒక్కో ఎమిటర్ నుంచి 1 శాతం రకం 100కే రెసిస్టర్ మైనస్ 12కు. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టులలో పెట్టి రెండు ఎమిటర్ల మధ్య కొలవండి. కనిపించేది ఆ రెండింటి తేడా. ఒకదాన్ని అలాగే ఉంచి రెండోదాన్ని మారుస్తూ పోండి, ప్రతి దాని తేడా కాగితం మీద రాసుకోండి. ఒకే అంకె వచ్చినవి జతలు. రెండు మిల్లీవోల్టుల లోపు ఉంటే లాడర్‌కు చాలు. ట్రాన్సిస్టర్ పెట్టగానే వచ్చే అంకె నమ్మకండి. వేళ్ల వేడికి డిగ్రీకి రెండు మిల్లీవోల్టులు కదులుతుంది, నిమిషం ఆగి చదవండి. పైన తిరుగుతున్న ఫ్యాను కూడా ఆపండి. నిచ్చెనలో అట్టడుగు జతకు, పైజతకు బాగా కలిసినవి వాడండి. మధ్యలో కాస్త తేడా ఉన్నా ఫరవాలేదు.

సీఏ3080 గురించి జనం అనవసరంగా కంగారు పడతారు. ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన ఓటీఏ (ఎంత పెంచాలో కరెంటుతో చెప్పే ఆంప్లిఫయర్) అది, ఎప్పుడో ఆగిపోయింది. అలాంటివి రెండు ఒకే చిప్‌లో ఉండేది ఎల్ఎం13700. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇప్పటికీ చేస్తోంది. మీ నాలుగు 3080ల పనికి రెండు 13700లు చాలు. పిన్లు కలవవు కాబట్టి బోర్డు దానికే గీయించండి. 2, 15 పిన్లలో ఉండే డయోడ్లు, 7 నుంచి 10 వరకు ఉండే బఫర్లు మీకు అక్కర్లేదు, ఖాళీగా వదిలేయండి. 1, 16 పిన్లకు కంట్రోల్ కరెంటు వెళ్తుంది. అక్కడ రెసిస్టర్ లేకుండా వోల్టేజీ ఇచ్చారా, చిప్ అక్కడికక్కడే పోతుంది. 2 మిల్లీయాంపులు దాటకూడదు. 3080కీ ఇదే నియమం.

2ఎస్‌కే30ఏ తోషిబా వారి జేఫెట్ రకం ట్రాన్సిస్టర్, ఇప్పుడు ఒరిజినల్ దొరకడం కష్టం. ఈ నంబరుతో డూప్లికేట్లు మాత్రం కావలసినన్ని. మీ సర్క్యూట్లో ఒక్కటే ఉందంటే శాంపిల్ అండ్ హోల్డ్‌లో (ఒక క్షణపు వోల్టేజీని పట్టి ఉంచే భాగం) స్విచ్‌గా పెట్టి ఉంటారు. ఆ పనికి జే113 సరిపోతుంది. డిప్ తరహా కాళ్లున్న జేఫెట్లు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి, ఎస్ఎండీలో ఎంఎంబీఎఫ్‌జే113 అని అదే దొరుకుతుంది. దానికి మూడే కాళ్లు, చేత్తో సోల్డర్ చేయడం పెద్ద కష్టం కాదు. సీడీ4066 స్విచ్ ఐసీ కూడా వాడొచ్చు. అయితే దాన్ని ప్లస్ మైనస్ 12 మధ్య నేరుగా పెట్టకండి, 24 వోల్టులవుతుంది. దాని పరిమితి 18. ఏది వాడినా కాళ్ల వరస చూసుకోండి: 2ఎస్‌కే30ఏలో గేట్ మధ్యలో, జే113లో ఒక చివర. ట్రాన్సిస్టర్లకూ ఇదే గొడవ. చదునైన వైపు నుంచి చూస్తే బీసీ547 కలెక్టర్-బేస్-ఎమిటర్, 2ఎన్3904 ఎమిటర్-బేస్-కలెక్టర్, జపాన్ వాళ్ల 2ఎస్‌సీ1815 ఎమిటర్-కలెక్టర్-బేస్. షాపతను 'రెండూ ఒకటే సార్' అంటాడు. గుణంలో ఒకటే, కాళ్లలో కాదు.

పాలీస్టైరీన్ కెపాసిటర్లు వదిలేయండి. అప్పట్లో అవి వాడింది ఉష్ణోగ్రతకు విలువ మారదని. ఇప్పుడు సీ0జీ లేదా ఎన్‌పీ0 అనే సిరామిక్ రకం ఆ పనిని అంతే బాగా చేస్తుంది, సోల్డరింగ్ వేడికి కరిగిపోదు కూడా. పాలీప్రొపిలీన్ అయినా సరే. అయితే షాపులో '102 ఇవ్వండి' అని మాత్రం అడగొద్దు. చేతికి వచ్చేది ఎక్స్7ఆర్ అనే, వేడికి విలువ మారే రకం కావచ్చు. ఆసిలేటర్ టైమింగ్ దగ్గర అది పెడితే 3340 లోపలి ఉష్ణోగ్రత సవరణ అంతా వృథా. ఎన్‌పీ0 అని నోటితో చెప్పి అడగండి, షాపతనికి తెలియకపోతే అది ఆన్‌లైన్ ఆర్డరులోకి వెళ్లాలి.

వాక్ట్రాల్ ఇంట్లో చేసుకోండి. ఎల్ఈడీ, ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి విలువ మారే రెసిస్టర్) ఎదురెదురుగా పెట్టి నల్ల హీట్‌ష్రింక్ స్లీవ్‌లో మూసేస్తే అదే వాక్ట్రాల్. రెండు చివరలా వెలుతురు దూరకుండా చూడండి. ఎల్‌డీఆర్‌లలో కాడ్మియం ఉంటుంది. యూరప్ కాడ్మియం మీద పెట్టిన ఆంక్షలూ వీటీఎల్5సీ3 లాంటివి కనుమరుగవడానికి ఒక కారణం. మన షాపుల్లో 5 మిల్లీమీటర్ల ఎల్‌డీఆర్‌లు ఇంకా విరివిగా దొరుకుతాయి. ఒక డజను కొని, అదే ఎల్ఈడీకి అదే కరెంటిచ్చి, దగ్గర విలువలు వచ్చిన రెండు ఎంచుకోండి.

ఇప్పుడు మీ టెన్షన్ సంగతి. 'వాడని పాత స్టాకు' అన్న చోట డూప్లికేట్లు ఎక్కువే, అందులోనూ సింథ్ చిప్‌లు. ఎందుకంటే కొనేవాడికి పోల్చి చూసుకోవడానికి ఇంకో ఒరిజినల్ ఉండదు. చేసే పద్ధతి సులువే. పనికిరాని ఏదో 16 పిన్ల చిప్ పైభాగాన్ని గీకి, నల్లటి పూత వేసి, మీకు కావాల్సిన నంబరు అచ్చు వేస్తారు. దూదికి అసిటోన్ అద్ది గట్టిగా రుద్దండి. నల్లటి రంగు దూదికి అంటితే అది పూతే. అయితే ఏమీ అంటకపోయినంత మాత్రాన ఒరిజినల్ అని కాదు, ఇప్పటి పూతలు కొన్ని అసిటోన్‌కు లొంగవు. భూతద్దంతో ఒకటో పిన్ దగ్గరి గుంట చూడండి. గీకిన చిప్‌లో అది లోతు తగ్గి ఉంటుంది, లేదా అంచుదాకా పూత నిండి ఉంటుంది. పైన ఒకే తేదీ కోడ్ ఉన్న పది చిప్‌ల వెనక అచ్చు గుర్తులు పది రకాలుగా ఉంటే అవి పది చోట్ల నుంచి ఏరినవి. కాళ్లకు కొత్తగా సీసం పూసి మెరిసిపోతుంటే అవి పాత బోర్డుల్లోంచి పీకినవి. అలా పీకినవి నిజానికి అంత చెడ్డవేం కావు, పనిచేసే చిప్ అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ 'వాడనివి' అని చెప్పి అమ్మేవాడు మిగతా వాటి గురించి నిజం చెబుతాడన్న నమ్మకం ఏముంది?

అసలు పరీక్ష బ్రెడ్‌బోర్డే. ఐసీ చేతికందిన రోజే పరీక్షించండి, సరుకు వాపసు తీసుకునే గడువు అయిపోయాక కాదు. 3340ని డేటాషీట్‌లోని కనీస సర్క్యూట్‌తో కట్టి, ఒక వోల్టు చొప్పున పెంచుతూ నాలుగైదు ఆక్టేవ్‌లు వింటే చాలు, ట్యూనర్ యాప్ ఫోన్లోనే ఉంటుంది. ఓటీఏకి సిగ్నలిచ్చి కంట్రోల్ కరెంటు పెంచితే శబ్దం దానికి తగ్గట్టు పెరగాలి. చిప్ చల్లగా ఉండాలి, కరెంటు డేటాషీట్ అంకెకు దగ్గరగా ఉండాలి. ఏ కొత్త అమ్మకందారు దగ్గరైనా మొదట ఒక్కటే కొనండి.

ఎక్కడ కొనాలన్న ప్రశ్నకు ఇక సులువుగా చెప్పొచ్చు. టెక్సాస్ చిప్‌లు, సీ0జీ కెపాసిటర్లు, జేఫెట్లు మౌజర్, డిజీకీ, ఎలిమెంట్14లలో దొరుకుతాయి. మూడూ ఇండియాకు రూపాయల్లో అమ్ముతాయి, ఇన్‌వాయిస్ ఇస్తాయి, డూప్లికేట్ భయం లేదు. ఒక చిక్కు ఏమిటంటే నంబరు చివరి అక్షరం చూడకుండా ఆర్డరిస్తే ఇంకో ప్యాకేజీ వస్తుంది. ఎల్ఎం13700ఎన్ డిప్, ఎల్ఎం13700ఎం ఎస్ఎండీ. ఆల్ఫా, కూల్ ఆడియో చిప్‌లకు సింథ్ విడిభాగాలే ప్రత్యేకంగా అమ్మే దుకాణాలున్నాయి, ఇంగ్లండులో థాంక్, థాయ్‌లాండులో టేడా లాంటివి. స్టాకు చూసి, కావాల్సినవన్నీ ఒకే ఆర్డరులో పెట్టండి. చిప్ ధర కంటే కొరియర్ ఎక్కువవుతుంది కాబట్టి ఇలాంటి పిచ్చి ఉన్న ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిస్తే మంచిది. కొరియర్ వాళ్లు కేవైసీ అడుగుతారు, పన్ను, క్లియరెన్స్ చార్జీ పడతాయి, అవి ముందే లెక్కలో వేసుకోండి. 'గిఫ్ట్ అని రాసి పంపండి' అని అమ్మకందారును అడగకండి. ఆ మినహాయింపును 2019 డిసెంబరులోనే తీసేశారు, సరుకు ఇరుక్కుంటుంది.

అమెరికా నుంచి అక్కో బావో వస్తుంటే వాళ్ల చేత తెప్పించుకోవడం మన వాళ్లందరూ చేసేదే. పది చిప్‌లు సూట్‌కేసులో బరువేం కాదు. వాళ్లకు ఎలక్ట్రానిక్స్ తెలియదు కాబట్టి నంబర్లు చెప్పకండి, మీరే ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి వాళ్ల అడ్రసుకు పంపించండి. యాంటీ స్టాటిక్ కవరు విప్పొద్దని మాత్రం చెప్పండి. ఎవరైనా 'ఇదేంటో చూద్దాం' అని విప్పేస్తారు.

కోఠీని మాత్రం కొట్టిపారేయకండి. అక్కడ సింథ్ చిప్ అడగడమే పొరపాటు, అంతే తప్ప సింథ్‌కు కావాల్సినవి అక్కడ లేక కాదు. టీఎల్072, టీఎల్074, సీడీ40106, 1ఎన్4148, బీసీ547, 1 శాతం రెసిస్టర్లు, ఎల్‌డీఆర్‌లు, ప్రీసెట్లు, జీరో పీసీబీ, ఐసీ బేస్‌లు, 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 అన్నీ దొరుకుతాయి. ఇవే మీ వాద్యంలో ముప్పావు వంతు. నంబర్లు కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెబితే 4066 అడిగిన చోట 4069 వస్తుంది. 7912 కాళ్ల వరస 7812 లాంటిది కాదని గుర్తుంచుకోండి. 7812లో ఇన్‌పుట్-గ్రౌండ్-అవుట్‌పుట్, 7912లో గ్రౌండ్-ఇన్‌పుట్-అవుట్‌పుట్. పవర్ సప్లై కట్టి, రెండు వైపులా వోల్టేజీ కొలిచి చూశాకే ఖరీదైన ఐసీని బేస్‌లో పెట్టండి. జాకులకు యూరోర్యాక్ తరహా 3.5 మిల్లీమీటర్ల బోర్డు జాకుల కోసం పరుగెత్తకండి, గిటారుకు వాడే 6.35 జాకులు ఏ ఆంప్లిఫయర్ రిపేరు షాపు దగ్గరైనా ఉంటాయి, గట్టివి కూడా.

మీ ఆర్డరు ఇలా ఉండనివ్వండి: విదేశం నుంచి ఏఎస్3340 మూడు. లాడర్ వద్దు, చిప్పే కావాలనుకుంటే ఏఎస్3320 రెండు. ఇండియాలో ఎల్ఎం13700ఎన్ నాలుగు, జే113 రెండు, 1 నానోఫారడ్ సీ0జీ పది. మిగతావన్నీ కోఠీలో. పవర్ సప్లై, ఒక ఆసిలేటర్ కట్టి శ్రుతి నిలిచిందని చూసుకున్నాకే ఫిల్టర్ బోర్డు గీయించండి. సర్క్యూట్‌లో 3340కి 14, 15 పిన్ల దగ్గర ఏ విలువలున్నాయో ఈసారి ఉత్తరంలో రాస్తే ప్లస్ మైనస్ 12కు ఏవి మార్చాలో చెబుతాను.